సరిహద్దు కోట సాహసాన్ని మన ఇంటి వరండాలో ఆడించే పద్ధతి

1996 వేసవి సెలవుల్లో మా పెద్దనాన్నగారి అబ్బాయి విశాఖపట్నం నుంచి ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి వచ్చినప్పుడు అతని సంచిలో పలచటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. ఓడల్లో పనిచేసే ఒక స్నేహితుడి తండ్రి ఏదో రేవులో కొని తెచ్చినది చేతులు మారి మారి అతని దగ్గరికి చేరింది. దాని అట్ట ఊడిపోయిందని మేము అనుకున్నాం గానీ, అది మొదటి నుంచీ విడిగానే ఉండేదని, లోపలివైపు లేత నీలం రంగులో అచ్చయిన గుహల పటం ఆటగాళ్లకు కనబడకుండా, ఆట నడిపేవాడు ఆ అట్టను తన ముందు తెరలా నిలబెట్టుకోవడానికే అలా చేశారని అన్నయ్య చెప్పాడు. ఆ పుస్తకం పేరు 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్'; పాత్రలు ధరించి ఆడే ఒక ఆటలో ఆడించుకోవడానికి రాసిన సాహసం అది. మేము దాన్ని సరిహద్దు కోట అన్నాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర మాట వింటూ పెరిగి, సైకిలు మీద కాసేపు తొక్కితే పాతపట్నం చేరి ఇంకో రాష్ట్రంలో ఉండే పిల్లలకు ఆ పేరు కొత్తగా అనిపించలేదు.

ఆ సాహసాన్ని ఇప్పటి పిల్లలతో, తెలుగులో, ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఆడించదలచుకున్న పెద్దల కోసం ఇది రాస్తున్నాను. గుహల్లో ఏముందో కొంత చెప్పక తప్పదు కాబట్టి, ఆటగాళ్లుగా కూర్చోవాలనుకునేవారు దీన్ని ఆట ముగిశాక చదవడం మంచిది.

తెలియనివారికి ఆట సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను మూడు చిన్న పుస్తకాలుగా ఒక పెట్టెలో పెట్టి విడుదల చేశారు. అందులో ఒకరు సూత్రధారిగా ఉంటారు. మిగిలినవారు ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర ధరిస్తారు. సూత్రధారి చుట్టూ ఉన్నదాన్ని వర్ణించి "ఏం చేస్తారు?" అని అడుగుతాడు, ఆటగాళ్లు చెబుతారు, ఫలితం సందేహంగా ఉన్నచోట మాత్రం పాచికలు వేస్తారు. సరిహద్దు కోట గైగాక్స్ రాసినదే. కొత్తగా నేర్చుకునేవారి కోసం 1980 ప్రాంతం నుంచి దాన్ని ఆట పెట్టెలోనే పెట్టి అమ్మడం వల్ల ప్రపంచంలో ఎంతోమందికి అదే మొదటి సాహసం అయింది. ఒక కోట, దానికి కొంత దూరంలో లోయ, ఆ లోయ గోడల్లో గుహలు, ఒక్కో గుహలో ఒక్కో జాతి ప్రాణులు, వారిలో వారికే పడని వైరాలు. ఇంతకు మించి దానిలో కథ అంటూ లేదు.

నేను సూత్రధారిగా కూర్చున్నది చాలా కాలం తర్వాత. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను కూడా అతలాకుతలం చేసింది. కొండచరియలు విరిగిపడి మనుషులు పోయిన ఊళ్ల ముందు మాకు జరిగింది ఏపాటిది. మా వీధిలో చెట్లు కూలి, రోజుల తరబడి కరెంటు లేకపోయింది. ఫోన్లు చచ్చిపోయాక మా చెల్లెలి పిల్లలిద్దరూ, పక్కింటి అబ్బాయి, ఎదురింటి అక్కాచెల్లెళ్లు మా వరండాలో చేరారు. వాళ్లను కూర్చోబెట్టి లాంతరు వెలుగులో సరిహద్దు కోట మొదలుపెట్టాను. పుస్తకం నా దగ్గర లేదు, గుర్తున్నదే చెప్పాలి. అప్పుడు నాకు ఒక సంగతి తెలిసింది. 22 ఏళ్ల తర్వాత నాకు గుర్తున్నవి గదుల కొలతలు కావు, రాక్షసుల బలాబలాలు కావు. మేము ఎవరితో ఏం మాట్లాడామో, ఆ మాట వల్ల ఏం జరిగిందో, అవి మాత్రమే పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఈ సాహసాన్ని ఎలా ఆడించాలన్నదానికి నా దగ్గర ఉన్న జవాబంతా అక్కడి నుంచే వచ్చింది.

పుస్తకం, పటం

పాత పుస్తకాన్ని ఇప్పుడు ఆట హక్కులున్న కంపెనీ పీడీఎఫ్ రూపంలో ఆన్‌లైన్‌లో అమ్ముతోంది కాబట్టి దొంగ ప్రతుల జోలికి పోనవసరం లేదు. నియమాల విషయంలో 1981లో టామ్ మోల్డ్వే సరిదిద్దిన ప్రారంభ నియమాలు ఈ సాహసానికి బాగా అతుకుతాయి; వాటినే ఇప్పటి పాఠకులకు తేటగా మళ్లీ రాసిన 'ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్' ఉంది, వాటికి దగ్గరగా ఉండి ఉచితంగా దించుకోగలిగే 'బేసిక్ ఫాంటసీ' ఉంది. పిల్లలకు ఇదివరకే 2014 నాటి ఐదో కూర్పు తెలిసి ఉంటే దాని మూల నియమాలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ అందుబాటులోకి వచ్చాయి. నన్నడిగితే మొదటిసారికి పాత నియమాలే మేలు. పావుగంటలో పాత్ర తయారవుతుంది, మిగిలిన సాయంత్రమంతా ఆటకే మిగులుతుంది.

పుస్తకాన్ని రెండుసార్లు చదవండి. మొదటిసారి కథలా చదవండి. రెండోసారి చదివేటప్పుడు పక్కన గళ్ల నోటుబుక్కు పెట్టుకుని, ఒక గడి 10 అడుగులుగా లెక్క వేసి, పిల్లలు మొదట దూరే అవకాశమున్న రెండు మూడు గుహల పటం మీ చేత్తో గీసుకోండి. చేత్తో గీసిన పటం కంటితో చూసిన పటం కన్నా ఎక్కువ గుర్తుంటుంది. ఆట మధ్యలో కాగితాలు తిరగేయవలసిన పని తప్పుతుంది. అన్ని గుహలూ ఒకేసారి సిద్ధం చేసుకోవాలని చూడకండి, అలా చూసినవారు ఎప్పటికీ మొదలుపెట్టలేరు.

కోటలోని మనుషులు

ఈ పుస్తకంలో చాలామంది గమనించని విశేషం ఒకటుంది. కోటలో ఉన్నవారెవరికీ పేర్లు లేవు. కోటపాలకుడు, కమ్మరి, సరుకుల కొట్టు యజమాని, అప్పులిచ్చే వర్తకుడు, పూటకూళ్లింటివాడు, గుడి పూజారి, అంతే. పేర్లు పెట్టే పనిని గైగాక్స్ సూత్రధారికి వదిలేశాడు. తెలుగులో ఆడించేవారికి ఇది పెద్ద వరం, ఎందుకంటే నోరు తిరగని ఇంగ్లీషు పేర్లను తుడిపేసి కొత్తవి పెట్టే శ్రమ లేదు, ఖాళీలన్నీ మన కోసమే ఉన్నట్టున్నాయి.

పేరు కన్నా ముందు ప్రతి మనిషికీ ఒక మాటతీరు పెట్టండి. మా ఆటలో సరుకుల కొట్టు యజమాని తెలుగు, ఒడియా కలిపి మాట్లాడతాడు, బరంపురం బజారులో బట్టల బేరం చేసినవారికి ఆ మాట వెంటనే తెలిసిపోతుంది. కమ్మరి అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతాడు. అప్పులిచ్చే వర్తకుడు ప్రతి మాటకూ ముందు "చూడు నాయనా" అంటాడు. మూడు నెలల తర్వాత కూడా మా పక్కింటి అబ్బాయి ఆ "చూడు నాయనా" వినగానే డబ్బు సంచి మీద చెయ్యి వేసుకునేవాడు.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. కోటలో అతిథిగా దిగిన పూజారి ఒకడు చాలా కలుపుగోలుగా ఉంటాడు, అందరికీ విందులిస్తాడు, గుహలకు తోడు వస్తానంటాడు; నిజానికి అతను శత్రువుల గూఢచారి. సూత్రధారి అతనొక్కడికే తీయటి మాటలు పెట్టాడంటే పిల్లలు పది నిమిషాల్లో పసిగట్టేస్తారు. కాబట్టి నిజంగా మంచివారైన మరో ఇద్దరికి కూడా అంతే తీయదనం పెట్టండి, అసలు గుడి పూజారిని కాస్త ముక్కోపిగా చూపించండి. మా మేనకోడలు ఆ గూఢచారిని నాలుగు సాయంత్రాలు నమ్మింది. తెలిసిన రోజున ఆమె ఏడ్చిన మాట నిజమే, కానీ ఆ తర్వాత ఆ సాహసంలో ఎవరు ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వేయడం నేర్చుకుంది.

గుహల్లోని ప్రాణుల గురించి కూడా ఒక మాట గట్టిగా చెప్పాలి. గాబ్లిన్లు, కోబోల్డులు అనే పొట్టి ప్రాణులు, ఓగర్లు అనే భారీ రాక్షసులు పుస్తకంలో ఎలా ఉన్నారో అలాగే పరదేశపు కల్పిత ప్రాణులుగా ఉంచండి. తెలుగు చేస్తున్నాం కదా అని వారికి మన కొండల్లోని మనుషుల వేషం, మాట, గుడిసె ఎంతమాత్రం తగిలించకండి. కోట నాగరికం, కొండ రాక్షసం అన్న పాత ఊహ ఈ సాహసపు పునాదిలోనే ఉంది. మహేంద్రగిరి వైపు ఏ ఊరికి వెళ్లినా సవర కుటుంబాలు పలకరించే జిల్లాలో ఆ ఊహను తెలియక పిల్లల మనసులో నాటితే అది ఆటతో పోదు. ఇప్పుడు మాతో ఆడే పిల్లల్లో ఒకరి ఇంట్లో సవర భాషే మాట్లాడతారు. ఆ ఒక్క కారణం చేతనే కాదు, ఆ పిల్ల లేకపోయినా నేను ఇదే చెబుతాను.

పాచికలు, చీటీలు, చింతపిక్కలు

ఈ ఆటకు 4, 6, 8, 10, 12, 20 ముఖాల పాచికలు కావాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే సరిపోతుంది, కానీ అవి వచ్చేదాకా ఆగనవసరం లేదు. 1979 ప్రాంతంలో పాచికల కొరత వచ్చినప్పుడు అప్పట్లో ఈ ఆటను అమ్మిన కంపెనీయే పెట్టెలో పాచికలకు బదులు కత్తిరించుకునే అంకెల చీటీలు పెట్టి అమ్మింది. మనమూ అదే చేయవచ్చు. 1 నుంచి 20 దాకా ఒకే కొలత చీటీలు కత్తిరించి, ఒకేలా మడిచి, ఒక స్టీలు గ్లాసులో వేయండి. తీసిన చీటీని చదివాక మళ్లీ గ్లాసులో వేసి కలపాలి. తుపాను రోజుల్లో మేము ఈ ముక్క మరిచాం. తీసిన చీటీలు పక్కన పెట్టేయడంతో చిన్న అంకెలన్నీ అయిపోయి, చివర్లో ఎవరు ఏం చేసినా గెలుపే అయింది, ఏం తప్పు జరిగిందో నాకు మర్నాడు గాని తెలియలేదు.

6 ముఖాల పాచికలు వైకుంఠపాళి పెట్టెలో దొరుకుతాయి. ఇక చింతపిక్కల సంగతి.

పాత నియమాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎదురుపడిన ప్రాణి మనసు తెలిపే పట్టిక. గుహలో ఎవరైనా తారసపడగానే పోరాటం మొదలుకాదు. సూత్రధారి 6 ముఖాల పాచికలు రెండు వేసి కలుపుతాడు. 2 వస్తేనే వెంటనే మీద పడతారు. 3 నుంచి 5 వస్తే శత్రుభావంతో ఉంటారు, దాడి చేసినా చేయవచ్చు. 6 నుంచి 8 వస్తే ఎటూ తేల్చుకోలేక నిలబడతారు. 9 నుంచి 11 వస్తే దాడి చేయరు, వెళ్లిపోతారు లేదా చెప్పేది వింటారు. 12 వస్తే మనసారా స్నేహం చేస్తారు. రెండు పాచికలు పడే 36 విధాల్లో ఈ ఐదింటికీ వరసగా 1, 9, 16, 9, 1 వాటాలు వస్తాయి. అంటే చూడగానే కత్తి దూసే ప్రాణి 36 సార్లలో ఒక్కసారి మాత్రమే ఎదురవుతుంది. చాలామంది ఈ పట్టికను దాటేసి నేరుగా కొట్లాటకు దిగి, పాత సాహసాలంటే నరకడమే అనుకున్నారు.

ఈ పట్టికకు పాచికలు కూడా అక్కర్లేదు. అష్టాచెమ్మా ఆడే ఇంట్లో ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు ఉండనే ఉంటాయి. నాలుగు పిక్కలు వేసి, తెల్లవైపు పైకి పడినవి లెక్కపెట్టండి. ఒక్కటీ తెల్లగా పడకపోతే దాడి, ఒకటైతే శత్రుభావం, రెండైతే సందిగ్ధం, మూడైతే వింటారు, నాలుగూ తెల్లగా పడితే స్నేహం. నాలుగు పిక్కలు పడే 16 విధాల్లో వీటి వాటాలు 1, 4, 6, 4, 1. శత్రుభావానికీ, వినడానికీ పాత పట్టికలో ఎంతో ఇక్కడా సరిగ్గా అంతే, నాలుగో వంతు; రెండు కొసలు మాత్రం కాస్త ఎక్కువగా వస్తాయి, అది ఆటకు రుచే గాని నష్టం కాదు. ఈ లెక్క సరిపోయిందని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయనమ్మ అరుగు మీద ఆడిన పిక్కలు, సముద్రాల అవతల ఎవరో వేసిన పట్టికకు ఇంత దగ్గరగా వస్తాయని అనుకోలేదు.

పిక్కలు అరగదీసేటప్పుడు ఒకే పరిమాణం ఉన్నవి ఏరుకోండి. గచ్చు మీద తడిపి రుద్దితే పైతొక్క పోయి తెల్లటి పప్పు తేలుతుంది. సగం మందం అరిగేదాకా రుద్దండి. తర్వాత ఒక్కో పిక్కను 50 సార్లు వేసి చూడండి. తెల్లవైపు 20కీ 30కీ మధ్య పడితే ఉంచుకోండి, అంతకు మించి ఒక పక్కకే వాలితే పారేసి ఇంకోటి తీసుకోండి. ఈ పని పిల్లలకు అప్పగిస్తే ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది, పిక్కల మీద నమ్మకమూ కుదురుతుంది.

మొదటి సాయంత్రం

పాత్రల తయారీ మీద ఎక్కువసేపు ఆగకండి. 6 ముఖాల పాచికలు మూడేసి ఆరుసార్లు వేసి కలిపి, వచ్చిన అంకెలను వచ్చిన వరసలోనే బలం, తెలివి, వివేకం, చురుకుదనం, దేహదారుఢ్యం, ఆకర్షణ అని రాసుకోమనండి. యోధుడు, పూజారి, మాంత్రికుడు, దొంగ అనే నాలుగు వృత్తులు మొదటిసారికి చాలు. పాత్రకు ఎంత దెబ్బ తట్టుకునే శక్తి ఉందో చెప్పే అంకెను మా పిల్లలు "ప్రాణాలు" అంటారు, అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. మాంత్రికుడికి మొదట్లో 4 ముఖాల పాచిక మీద పడినన్ని ప్రాణాలే, ఒకే ఒక్క మంత్రం. ఇది ముందే చెప్పండి, లేకపోతే ఆ పాత్ర తీసుకున్న పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు.

ఆట కోట గుమ్మం దగ్గర మొదలవుతుంది. కాపలావారు పైనుంచి "మీరెవరు? ఏ పని మీద వచ్చారు?" అని అడుగుతారు. ఇది పుస్తకంలో ఉన్నదే, దీన్ని ఎప్పుడూ దాటేయకండి. ఒక్కొక్కరినీ తమ పాత్ర గొంతుతో జవాబు చెప్పనివ్వండి, తొందరపెట్టకండి. మా ఎదురింటి చిన్నమ్మాయి మొదటిసారి ఎంతసేపటికీ నోరు విప్పలేదు. నేను కాపలావాడి గొంతుతోనే "ఏమ్మా, ఎండలో నడిచి వచ్చావా, దాహంగా ఉందా?" అన్నాను. "ఔనండి, కాసిన్ని మంచినీళ్లు ఇప్పించండి, నేను పూజారిణ్ణి" అంది. అప్పటి నుంచి ఆ పాత్ర ఎక్కడికి వెళ్లినా ముందు మంచినీళ్లు అడిగే మనిషి అయింది. ఆ అలవాటు ఎవరూ పెట్టలేదు, ఆ ఒక్క జవాబులోంచి పుట్టింది.

వర్ణనలను పుస్తకం చూస్తూ అనువదించి చదవకండి. నేను పుస్తకం కొన్నాక ఒకసారి అలా చేసి చూశాను, రెండో గదికే పిల్లలు దిక్కులు చూశారు. గది గురించి మూడు సంగతులు మనసులో పెట్టుకుని పుస్తకం మూసి, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడండి: ఏ వాసన వస్తోంది, ఏ చప్పుడు వినిపిస్తోంది, వెలుగు పడినంత మేర ఏం కనిపిస్తోంది. చదువు చెప్పే భాష జనం మాట్లాడే భాషే కావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1880లో పంతులుగా వచ్చింది ఈ పర్లాకిమిడికే. సవరలకు చదువు చెప్పడానికి ముందు ఆయన కూర్చుని వారి భాష నేర్చుకున్నారు. ఈ ఊళ్లో ఆట ఆడించేటప్పుడు నాకు ఆ సంగతి తరచూ గుర్తుకు వస్తుంది.

మాట తెలిసినవాడు

ఈ సాహసంలో సరిహద్దు పిల్లలకు అన్నిటికన్నా నచ్చేది భాషల సంగతి. పాత నియమాల్లో మాట్లాడే ప్రాణుల్లో చాలా జాతులకు సొంత భాష ఉంటుంది. తెలివి ఎక్కువ ఉన్న పాత్ర ఒకటో రెండో అదనపు భాషలు ముందే నేర్చుకుని ఉండవచ్చు. చాలామంది సూత్రధారులు దీన్ని పట్టించుకోరు. మీరు మాత్రం పాత్ర కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించండి, ఎందుకంటే గాబ్లిన్ భాష తెలిసిన మాంత్రికుడు కత్తి పట్టిన యోధుడి కన్నా ఎక్కువమందిని బతికిస్తాడు.

సాహసం మొదట్లో ఆటగాళ్లకు వదంతులు పంచే పట్టిక ఉంది, అందులో 20 వదంతులు, కొన్ని నిజం, కొన్ని అబద్ధం. ఒక వదంతి ప్రకారం 'బ్రీయార్క్' అంటే గాబ్లిన్ల భాషలో 'లొంగిపోతున్నాం' అని అర్థం. 1996లో నా యోధుడికి దక్కిన వదంతి అదే. గుహలో ఆరుగురు గాబ్లిన్లు ఎదురుపడగానే నేను ఎంతో తెలివైన పని చేస్తున్నాననుకుని రెండు చేతులూ పైకెత్తి "బ్రీయార్క్!" అని అరిచాను. అన్నయ్య మాట్లాడలేదు. లాంతరు వత్తి కాస్త తగ్గించాడు. చీకట్లో గోడ వెనకాల ఏదో బరువైన సంచి నేల మీద పడిన చప్పుడు, దాని వెంట అడుగుల చప్పుడు వర్ణించాడు. ఆ వదంతి అబద్ధం. ఆ మాట లొంగుబాటు కాదు, కయ్యానికి తోడు రమ్మని వేసే కేక. గాబ్లిన్లు ఆ కేక వేసి, పక్క గుహలో ఉండే ఓగర్‌కు రహస్యపు తలుపులోంచి 250 బంగారు నాణేల సంచి విసిరి సాయానికి పిలుచుకుంటారు. ఆ కేక నేనే వేసి పెట్టాను. నా యోధుడి కాగితం మీద ప్రాణాల అంకెను రబ్బరుతో తుడిచి తుడిచి కాగితం చిల్లు పడింది. ఆ చిల్లున్న కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఈ ఘట్టాన్ని ఆడించేటప్పుడు పిల్లలకు రెండు భాషల మధ్య మోసపుచ్చే మాటలు ముందు ఒకటి రెండు గుర్తు చేయండి. ఒడియాలో 'పిలా' అంటే అబ్బాయీ కావచ్చు, అమ్మాయీ కావచ్చు. మన 'పిల్ల' ఆడపిల్లే. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇలాంటివి పది తెలుసు. ఆ తర్వాత వదంతి చేతిలో పెట్టండి, ఇక మీరేమీ చెప్పకండి. మా మేనకోడలు ఆ వదంతి విని, "మావయ్యా, ఈ మాట చెప్పినవాడికి గాబ్లిన్ భాష వచ్చా?" అని అడిగింది. పూటకూళ్లింటికి తిరిగి వెళ్లి ఆ మాట ఎవరి నోట పుట్టిందో వాకబు చేసింది. చివరికి గుహలో ఓగర్ వచ్చినప్పుడు వాళ్లు పోరాడలేదు; నేను నాలుగు పిక్కలు వేశాను, మూడు తెల్లగా పడ్డాయి, గాబ్లిన్లు ఇచ్చిన సంచి మీద ఇంకో 50 నాణేలు కలిపి ఇస్తామని బేరమాడి అతన్ని వెనక్కి పంపించారు.

బేరం ఆడితే నష్టపోతామని పిల్లలు అనుకోకుండా పాత నియమాలే చూసుకుంటాయి. గుహలోంచి తెచ్చుకున్న ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవపు అంకె వస్తుంది, గాబ్లిన్‌ను చంపితే వచ్చేది 5 మాత్రమే. యోధుడు రెండో మెట్టు ఎక్కాలంటే 2000 కావాలి. ఈ లెక్క పలక మీద వేసి చూపించండి. 400 గాబ్లిన్లను నరకడమా, ఒక పెట్టె దొరికించుకోవడమా అన్నది వాళ్లే తేల్చుకుంటారు.

దివిటీ, చావు

గుహలో కాలం మలుపుల్లో గడుస్తుంది, ఒక మలుపు 10 నిమిషాలు. దివిటీ 6 మలుపులు వెలుగుతుంది, 30 అడుగుల మేర వెలుగునిస్తుంది. దివిటీ పట్టుకున్న పిల్లవాడి ముందు వేయించిన వేరుశెనగ గింజలు ఆరు పెట్టి, మలుపు గడిచినప్పుడల్లా ఒకటి తినమంటాను. గింజలు అయిపోతే చీకటి. రెండు మలుపులకొకసారి 6 ముఖాల పాచిక వేసి, 1 పడితే తిరుగాడే ప్రాణి ఏదో ఎదురవుతుంది. వీటిని వదిలేస్తే పిల్లలు ప్రతి గోడనూ గంటల తరబడి తడుముతూ కూర్చుంటారు; వీటిని పాటిస్తే గుహ లోపల కాలానికి విలువ వస్తుంది.

పాత్రలు చనిపోతాయి. కోబోల్డుల గుహ ప్రవేశంలోనే 10 అడుగుల గొయ్యి ఉంది, మా పక్కింటి అబ్బాయి దొంగ అందులో పడి మొదటి సాయంత్రమే పోయాడు. ఆ క్షణంలో అంకె మార్చి బతికించాలని చేతులు లాగుతాయి, లాగనివ్వకండి. బదులుగా ఒక్క నిమిషం ఆట ఆపి, ఆ పాత్ర చేసిన మంచి పని ఒకటి తోటివారందరి చేత చెప్పించండి. తర్వాత పాచికలు ఇచ్చి కొత్త పాత్రను తయారు చేయించి, కోట నుంచి సాయానికి వచ్చినవాడిగా వెంటనే ఆటలోకి తీసుకురండి. అరగంటకు మించి ఎవరినీ ఊరికే కూర్చోబెట్టకూడదు.

జ్ఞాపకాల నోటుబుక్కు

మేము 1996లో ఆడినదాన్ని ఎవరూ రాసిపెట్టలేదు, అందుకు నేను ఇప్పటికీ బాధపడతాను. మీరు మొదటి సాయంత్రం నుంచే ఒక నోటుబుక్కు పెట్టండి. ఆట ముగిసిన రాత్రే రాయాలి, మర్నాటికి మాటలు మారిపోతాయి. పిల్లల్లో ఒక్కోసారి ఒక్కొక్కరు రాయాలి, సూత్రధారి రాయకూడదు, ఎందుకంటే సూత్రధారికి గుహ తెలుసు గాని లోపలికి వెళ్లినవారికి ఎలా అనిపించిందో తెలియదు. ఎన్ని దెబ్బలు తగిలాయన్నది రాయనవసరం లేదు. ఎవరు ఏం అన్నారో అన్న భాషలోనే రాయించండి. ఒడియాలో అన్నది ఒడియా లిపిలోనే ఉండనివ్వండి, తప్పులు దిద్దకండి. పటం కూడా పిల్లలు గీసినదే అంటించండి, నిజమైన పటంతో సరిపోకపోయినా సరే. మా నోటుబుక్కులో తుపాను నాటి ఒక పేజీ మీద కిరోసిన్ మరక ఉంది, దాని పక్కన చిన్నమ్మాయి చేతిరాతతో "గాబ్లినుకి కూడా దాహం వేసింది, నీళ్లు ఇచ్చాను, అది వెళ్లిపోయింది" అని ఉంది.

పుస్తకంలో ఒక గుహ పేరు మాత్రమే ఉంటుంది, లోపల ఏముందో ఉండదు. ఎవరూ ఎరుగని ఆ గుహను ఎవరికి వారు నింపుకోవాలని గైగాక్స్ ఖాళీగా వదిలాడు. ఆడినవాళ్లకు గుహలన్నీ తెలిసిపోయాక, ఆ ఖాళీ గుహను పిల్లల చేతికివ్వండి, గళ్ల నోటుబుక్కూ పెన్సిలూ ఇచ్చి గది బయటికి వచ్చేయండి. మా మేనకోడలు దాని మీద రెండు నెలలుగా పనిచేస్తోంది, నేను దగ్గరికి వెళ్తే పుస్తకం మూసేస్తోంది. వచ్చే దసరా సెలవులకు సూత్రధారి ఆమె. నేను మూడు పాచికలు ఆరుసార్లు వేసుకుని యోధుడి కాగితం రాసి ఉంచుకున్నాను, తెలివి 13 వచ్చింది కాబట్టి ఈసారి గాబ్లిన్ భాష నేర్చుకునే వెళ్తున్నాను.